2025 డిసెంబర్ ఆఖరి వారం చెన్నై: నలుగురం, పన్నెండు వేలు, మూడు రాత్రులు. సాధ్యమేనా?

బెజవాడ_బాటసారి
26 శుక్రవారం మధ్యాహ్నం పినాకినిలో సెంట్రల్‌లో దిగుతాం. 29 సోమవారం మళ్ళీ పినాకినిలోనే వెనక్కి. రైలు టికెట్లు సెకండ్ సిట్టింగ్‌లో తీసేశాను, ఆ ఖర్చు వదిలేయండి. ఇద్దరం, అమ్మ, పదకొండేళ్ళ పాప. గది, తిండి, తిరుగుడు అన్నీ కలిపి 12,000 దాటకూడదు. ఆన్‌లైన్‌లో చూస్తే నలుగురు పట్టే గది రాత్రికి మూడున్నర వేలకు తక్కువ కనబడట్లేదు, బడ్జెట్ దాదాపు మొత్తం దానికే పోతోంది. అమ్మకి ధనుర్మాసంలో మద్రాసు కచేరీలు వినాలని కోరిక, కానీ మోకాళ్ళ నొప్పి. పాపకి సముద్రం, మహాబలిపురం. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి? స్వెటర్లు తేవాలా?

విల్లివాక్కం_వాసి
స్వెటర్లు బీరువాలోనే ఉంచండి. డిసెంబర్ ఆఖరున ఇక్కడ పగలు 29, 30 డిగ్రీలు, తెల్లవారుజామున 21, 22. గొడుగు మాత్రం తప్పదు, దోమల బిళ్ళ కూడా.

తంబూర_శ్రుతి
అమ్మగారికి ఒక శాలువా తప్పకుండా పెట్టండి. బయట చలి లేదు నిజమే, సభ (కచేరీ హాలు) లోపల ఏసీ చలి మామూలుగా ఉండదు. రెండు గంటలు కదలకుండా కూర్చుంటే మోకాళ్ళు పట్టేస్తాయి. మైలాపూర్ మామీలందరి ఒళ్ళోనూ మడత పెట్టిన శాలువా ఉంటుంది, చూడండి.

నెల్లూరు_నేరేడు
వాన సంగతి ఏంటన్నా? డిసెంబర్ అంటే తుఫాను నెల కదా.

విల్లివాక్కం_వాసి
ఊరిని ముంచిన పెద్దవి చూడండి: 2015 వరద డిసెంబర్ 1, 2 తేదీల్లో, వర్దా 2016 డిసెంబర్ 12న, మిచౌంగ్ 2023 డిసెంబర్ 4న. మూడూ నెల మొదటి సగంలోనే. ఆఖరి వారానికి ఈశాన్య రుతుపవనం సన్నబడుతుంది. అసలు రాదని చెప్పను, ఒక పూట జల్లు పడొచ్చు. ప్రయాణానికి మూడు రోజుల ముందు వాతావరణ శాఖ బులెటిన్ చూసుకోండి. రైల్వేవాళ్ళే రైలు రద్దు చేస్తే ఈ-టికెట్ డబ్బు మొత్తం దానంతటదే వెనక్కి వస్తుంది. గది మాత్రం ఉచితంగా రద్దు చేసుకునే వీలున్నదే తీసుకోండి.

ఎగ్మూర్_గడప
గది విషయం. ఆన్‌లైన్‌లో కనబడేవి అన్నీ కావు. ఎగ్మూర్ స్టేషన్ ఎదురుగా గాంధీ ఇర్విన్ రోడ్డు, దాని పక్కన కెన్నెట్ లేన్. ఈ రెండు వీధుల్లో పాత లాడ్జీలు వరసగా ఉంటాయి. డబుల్ రూమ్, పైన ఒక అదనపు పరుపు కలిపి సుమారు 1,500 నుంచి 1,900 మధ్యలో కుదురుతుంది. ఫోన్ చేసి నాలుగు అడగండి: లిఫ్ట్ ఉందా, వేడినీళ్ళు ఎన్ని గంటలకు వదులుతారు, పన్ను కలిపేనా, చెక్-అవుట్ 24 గంటలా లేక పన్నెండింటికా. ఈ చివరిదే ముఖ్యం. మీరు మధ్యాహ్నం రెండింటికి గదిలోకి వెళ్తారు. 24 గంటల లెక్కయితే సోమవారం రెండింటిదాకా మీదే. పన్నెండింటి లెక్కయితే ఆ రెండు గంటలు నష్టం.

రాయలసీమ_రాగిసంకటి
ఆ వీధుల్లో డిసెంబర్లో అయ్యప్ప స్వాములతో గదులు దొరకవు గదా? మేల్మరువత్తూరు అమ్మవారి గుడికి పోయే ఎర్రచీరల భక్తులు కూడా ఆ నెలలోనే.

ఎగ్మూర్_గడప
నిజమే, అందుకే ముందుగా ఫోన్ చేయమన్నది. కానీ ఒక సందు ఉంది. శబరిమలలో మండల పూజ 27 ప్రాంతంలో అయిపోయి గుడి మూస్తారు, మకరవిళక్కు కోసం మళ్ళీ 30న తెరుస్తారు. మధ్యలో రెండు మూడు రోజులు పైకి వెళ్ళే స్వాముల రద్దీ తగ్గుతుంది. వీళ్ళ 26 రాత్రి ఒక్కటే కష్టం. ఇంకో దారి, సెంట్రల్‌లో, ఎగ్మూర్‌లో రైల్వే రిటైరింగ్ రూములు. ఐఆర్‌సీటీసీలో టికెట్ నెంబర్‌తో బుక్ చేసుకోవాలి. తొందరగా నిండిపోతాయి, డార్మిటరీ మిగిలినా కుటుంబానికి పనికిరాదు.

పట్నంపిల్ల_29సి
ట్రిప్లికేన్ మ్యాన్షన్లు చవక అని ఎవరైనా చెబితే ఆగండి. అవి ఒంటరి మగవాళ్ళకి నెలవారీ గదులు, చాలావాటిలో కుటుంబాలని రానివ్వరు. పైగా ఈసారి 30న వైకుంఠ ఏకాదశి. పార్థసారథి స్వామి గుడి చుట్టుపక్కల 29 నుంచే బారికేడ్లు, జనం.

తంబూర_శ్రుతి
ఎగ్మూర్ వద్దంటాను. కచేరీలే అసలు పనైతే మైలాపూర్‌లోనే దిగాలి. పొద్దున ఒకటి విని, గదికి వచ్చి నడుం వాల్చి, సాయంత్రం మళ్ళీ వెళ్ళొచ్చు. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకి మధ్యాహ్నం ఆ రెండు గంటలే మందు.

ఎగ్మూర్_గడప
మైలాపూర్‌లో లాడ్జీలే కొద్ది. సీజన్లో విదేశాల నుంచి వచ్చే రసికులు నెలల ముందే పట్టేస్తారు. రాత్రికి వెయ్యి రూపాయలు ఎక్కువ పడితే మూడు రాత్రులకి మూడు వేలు. ఆ మూడు వేలతో రోజూ రెండుసార్లు క్యాబ్ ఎక్కినా ఇంకా మిగులుతుంది. పన్నెండు వేల బడ్జెట్లో ఇది చిన్న తేడా కాదు.

లోకల్_ట్రైన్
ఎగ్మూర్‌కే నా ఓటు, కారణం మెట్రో. సెంట్రల్ మెట్రో నుంచి ఎగ్మూర్ పక్క స్టేషనే, 10 రూపాయలు, లిఫ్ట్ ఉంటుంది. కనీస చార్జీ 10, గరిష్ఠం 50. కౌంటర్లో కాకుండా ఫోన్‌లో క్యూఆర్ టికెట్ తీస్తే 20 శాతం తగ్గింపు.

సబర్బన్ రైలు ఇంకా చవక, 5 రూపాయల నుంచి మొదలు. ఇక్కడ కొత్తవాళ్ళు పడే గందరగోళం ఒకటుంది. సెంట్రల్ ఎదురుగా రెండు వేర్వేరు స్టేషన్లు. 'పార్క్' అంటే తాంబరం లైను: ఎగ్మూర్, మాంబళం, గిండి, ఎయిర్‌పోర్ట్ ఎదురుగా ఉండే తిరుసూలం, తాంబరం. 'పార్క్ టౌన్' అంటే వేళచ్చేరి లైను: చేపాక్, తిరువల్లిక్కేణి (అంటే ట్రిప్లికేన్), లైట్‌హౌస్, తిరుమయిలై, తిరువాన్మియూర్. మైలాపూర్ వెళ్ళాలంటే పార్క్ టౌన్‌లో ఎక్కి తిరుమయిలైలో దిగాలి. రైల్వే యాప్‌లో టికెట్ తీసేవాళ్ళు స్టేషన్లోకి అడుగుపెట్టక ముందే తీయాలి, ప్లాట్‌ఫారం మీద నిలబడితే జీపీఎస్ ఒప్పుకోదు.

కానీ అమ్మగారికి వేళచ్చేరి లైను సలహా ఇవ్వను. పార్క్ టౌన్ దాటాక స్టేషన్లన్నీ వంతెన మీద, మెట్లు చాలా. ఆదివారం రైళ్ళు కూడా తక్కువ. రాత్రి తొమ్మిది దాటాక ప్లాట్‌ఫారాలు ఖాళీగా ఉంటాయి, అప్పుడు బస్సో క్యాబో మేలు.

పట్నంపిల్ల_29సి
బస్సులు మర్చిపోతున్నారు. ఎంటీసీ (చెన్నై సిటీ బస్సుల సంస్థ) ఆర్డినరీ బస్సుల్లో ఆడవాళ్ళకి 2021 నుంచి టికెట్ లేదు. ఏ రాష్ట్రం వాళ్ళైనా సరే, ఆధార్ అడగరు, కండక్టర్ సున్నా టికెట్ ఇస్తాడు. గులాబీ రంగు వేసినవి, తెల్ల బోర్డువి చూసి ఎక్కండి. డీలక్స్ ఎక్కితే మాత్రం అందరికీ డబ్బే, కనీసం 11. మీ నలుగురిలో ముగ్గురు ఆడవాళ్ళు, ఆర్డినరీలో మీ ఒక్కరికే 5 రూపాయలతో మొదలు. పొద్దున 8 నుంచి 10:30, సాయంత్రం 5 నుంచి 8 వదిలేయండి, నిలబడటానికి చోటుండదు. బస్సు నెంబరుతో పాటు బోర్డు మీద చివర రాసిన అక్షరం కూడా చూడాలి. 29 వేరు, 29సి వేరు.

బెజవాడ_బాటసారి
ఇది అసలు తెలియదు, థాంక్స్ అక్కా. ఆటోలు? మీటర్ వేస్తారా?

పట్నంపిల్ల_29సి
2013లో పెట్టిన రేటు మొదటి 1.8 కిలోమీటర్లకు 25, తర్వాత కిలోమీటరుకు 12. ఆ రేటుకి ఎవరూ రారు. యాప్‌లో ఎంత చూపిస్తుందో ముందు చూసి, అప్పుడు మాట్లాడండి. సెంట్రల్ బయట ప్రీపెయిడ్ కౌంటర్ ఉంది. ఆటోలో ముగ్గురికే లెక్క, పాపతో కలిపి నలుగురని ఎక్కక ముందే చెప్పాలి. దిగేటప్పుడు చెబితే గొడవ.

కొత్వాల్_చావడి
భాష గురించి దిగులు పడకండి. ప్యారీస్ కార్నర్, సౌకార్‌పేట, టి.నగర్ అంగళ్ళలో తెలుగు నడుస్తుంది. పానగల్ పార్కుకి ఆ పేరు ఇచ్చిన రాజావారు కూడా మనవారే, కాళహస్తి వైపువారు.

ఇడ్లీ_పొడి
కచేరీలకి టికెట్లు వేలల్లో ఉంటాయని విన్నాను. 12,000లో ఎలా?

తంబూర_శ్రుతి
అందరూ ఇక్కడే పొరబడతారు. కాస్త వివరంగా చెబుతాను.

సీజన్ డిసెంబర్ మధ్య నుంచి జనవరి మధ్యదాకా. చాలా సభల్లో పొద్దున, మధ్యాహ్నం కచేరీలకి టికెట్ ఉండదు, నేరుగా వెళ్ళి కూర్చోవడమే. సాయంత్రం నాలుగు తర్వాత పెద్ద విద్వాంసులవే టికెట్లు. మధ్యాహ్నం పాడేవాళ్ళు చిన్నవాళ్ళు కాబట్టి తక్కువ అనుకోకండి. రేపటి పెద్దవాళ్ళు వాళ్ళే, ఆ గంటన్నరకి ఏడాది సాధన చేసి వస్తారు. మ్యూజిక్ అకాడమీలో పొద్దున్నే జరిగే సోదాహరణ ప్రసంగాలు కూడా ఉచితం, చాలావరకు ఇంగ్లీషులో ఉంటాయి. మైలాపూర్ తూర్పు మాడవీధిలో భారతీయ విద్యాభవన్ ఉత్సవానికి సాయంత్రం కచేరీలకి కూడా టికెట్ పెట్టరు, కాకపోతే ఆ ఉత్సవం ముందుగానే మొదలవుతుంది. మీ తేదీల్లో ఏముందో చూసుకోండి.

డబ్బు పెట్టి ఒక్కటి వినాలనుకుంటే అకాడమీలోనో, నారద గాన సభలోనో బాల్కనీ, వెనక వరసలు తీసుకోండి. ముందు వరసతో పోలిస్తే ధరలో చాలా తేడా, వినికిడిలో తేడా లేదు. కానీ బాల్కనీకి మెట్లెక్కాలి, కాబట్టి అమ్మగారికి కింద వెనక వరస అడగండి. ఉచిత కచేరీలకి ముందు రెండు మూడు వరసలు పోషకులకి కేటాయించి ఉంటాయి, అక్కడ కూర్చుంటే లేపుతారు.

పాట మధ్యలో లేచి వెళ్ళకూడదు. పాపకి విసుగొస్తే ఒక కృతి అయిపోయి చప్పట్లు కొట్టేటప్పుడు లేవండి. అన్నిటికంటే ముఖ్యం, అమ్మగారికి భాష అడ్డు ఉండదు. త్యాగయ్యగారి కృతులు తెలుగే కదా, ప్రతి కచేరీలోనూ రెండు మూడైనా వస్తాయి. మన ఊళ్ళో దొరకని శ్రద్ధతో ఇక్కడ తెలుగు వినబడుతుంది.

ఇడ్లీ_పొడి
సభ క్యాంటీన్లో ఆకులో భోజనం చవకగా పెడతారంటారు, అదీ చెప్పండి.

మాంబళం_మెతుకు
చవక అన్న రోజులు పోయాయి. సీజన్ క్యాంటీన్లో నిండు భోజనం ఒక్కొక్కరికీ మూడు నాలుగు వందలు దాటుతుంది, నలుగురికి ఒక పూటకే పదిహేను వందలు. దానికి బదులు సాయంత్రం టిఫిన్‌కి వెళ్ళండి. అడై-అవియల్, రవ్వ దోశ, కాశీ హల్వా, కాఫీ. అదే వంటవాళ్ళు, అదే రుచి, ఖర్చు మూడో వంతు. కచేరీ టికెట్ లేకపోయినా క్యాంటీన్లోకి ఎవరైనా వెళ్ళొచ్చు. కచేరీ వదిలిన ఐదు నిమిషాలకి వెళ్తే గంట వరస, అది నడుస్తుండగానే వెళ్ళాలి.

మిగతా పూటలకి: అమ్మ ఉణవగంలో (సర్కారు చవక క్యాంటీన్) ఇడ్లీ రూపాయి, పొంగలి 5, సాంబారన్నం 5, పెరుగన్నం 3. సెంట్రల్ ఎదురుగా జనరల్ హాస్పిటల్ ఆవరణలో ఒకటి ఉంది. మధ్యాహ్నం పన్నెండింటికి మొదలు, రెండు దాటితే సాంబారన్నం అయిపోతుంది. ట్రిప్లికేన్‌లో రత్నా కేఫ్ ఇడ్లీ సాంబారు, మైలాపూర్‌లో రాయర్ మెస్. రాయర్ మెస్‌కి పొద్దున తొమ్మిదిలోపు వెళ్ళాలి, ఆలస్యమైతే తలుపు మూసి ఉంటుంది. దక్షిణ మాడవీధి మలుపులో కాళత్తి రోజ్ మిల్క్ పాపకి.

రాయలసీమ_రాగిసంకటి
కారం లేకుండా మూడు రోజులా!

మాంబళం_మెతుకు
పొడి డబ్బా తెచ్చుకోండి, ఏ హోటల్లోనూ ఏమీ అనరు :) టి.నగర్‌లో ఆంధ్రా మెస్సులు ఉన్నాయి, పప్పు, గోంగూర దొరుకుతాయి.

బెజవాడ_బాటసారి
అయితే నా ప్లాన్: శుక్రవారం సాయంత్రం మ్యూజియం, శనివారం కచేరీలు, ఆదివారం మహాబలిపురం, సోమవారం పొద్దున మెరీనా. సరేనా?

విల్లివాక్కం_వాసి
ఎగ్మూర్ మ్యూజియానికి శుక్రవారం సెలవు! కోట మ్యూజియానికి కూడా శుక్రవారమే. వండలూరు జూ, గిండి స్నేక్ పార్క్, దక్షిణచిత్ర మంగళవారం మూస్తారు. మెరీనా లైట్‌హౌస్ సోమవారం. ప్లాన్ వేసే ముందు ఈ సెలవులు చూసుకోవాలి.

కొత్వాల్_చావడి
మ్యూజియం శనివారం పొద్దున తొమ్మిదిన్నరకే వెళ్ళండి. కెన్నెట్ లేన్ నుంచి కిలోమీటరుకి కాస్త అటూ ఇటూ. మన అమరావతి స్తూపం సున్నపురాతి శిల్పాలు అక్కడే ఉన్నాయి, గుంటూరు ప్రాంతం నుంచి బ్రిటిష్ వాళ్ళు తరలించినవి. కొన్ని లండన్ వెళ్ళాయి, కొన్ని ఇక్కడ మిగిలాయి. తెలుగు పిల్లలకి ఇది చూపించకుండా మద్రాసు నుంచి వెనక్కి తీసుకెళ్ళకూడదు. తర్వాత కంచు విగ్రహాల గ్యాలరీ. ఈ రెండింటికే రెండు గంటలు, మిగతా భవనాలు తిరిగితే అమ్మగారి మోకాళ్ళు ఊరుకోవు. పదకొండున్నరకి బయటపడితే పన్నెండు దాటాక మొదలయ్యే కచేరీ అందుతుంది.

సముద్రపు_గాలి
ఆదివారం మహాబలిపురం తప్పు నిర్ణయం. ఈసీఆర్ (మహాబలిపురం వెళ్ళే ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద ఊరు ఊరంతా ఉంటుంది, క్రిస్మస్ సెలవులు కూడాను. తిరుగు ప్రయాణంలో బస్సు రెండున్నర గంటలు పట్టినా ఆశ్చర్యం లేదు. వెళ్తే శనివారం, లేదా అసలు వద్దు.

లోకల్_ట్రైన్
వద్దు అనకండి, పాప కోరిక అది. ఆదివారమైనా పొద్దున ఆరింటికి బయల్దేరితే ఏమీ కాదు. ఎగ్మూర్ నుంచి తిరువాన్మియూర్‌కి క్యాబ్, ఆ వేళకి అరగంట. అక్కడ 588 బస్సు ఎక్కితే మహాబలిపురం. ఎనిమిదిన్నర లోపు దిగుతారు. పంచరథాలకి, తీరాలయానికి కలిపి ఒకే టికెట్, పెద్దవాళ్ళకి 40, ఆన్‌లైన్‌లో 35, పదిహేనేళ్ళ లోపు పిల్లలకి లేదు. ముందు పంచరథాలు చూడండి, అక్కడ నీడ తక్కువ, పది దాటితే ఇసుక కాలుతుంది. తర్వాత షేర్ ఆటోలో తీరాలయం. అర్జున తపస్సు శిల్పం రోడ్డు పక్కనే, టికెట్ లేదు. పన్నెండింటికి వెనక్కి బస్సెక్కాలి. జనం అప్పుడే లోపలికి వస్తుంటారు, మీరు ఎదురు దారిలో పోతుంటారు.

సముద్రపు_గాలి
పన్నెండింటికి ఎక్కితే సరే, ఒప్పుకుంటాను. సాయంత్రం నాట్యోత్సవం ఉందని ఆగిపోకండి. అది ఉచితమే, బాగుంటుంది కూడా, కానీ ముగిసేసరికి బస్సులు పలచబడతాయి, క్యాబ్‌కి పదిహేను వందలు పైనే.

మెరీనా గురించి. రోడ్డు నుంచి నీళ్ళదాకా ఇసుకలో చాలా దూరం నడవాలి. వివేకానంద ఇల్లం ఎదురుగా 2022లో వేసిన చెక్క దారి ఉంది, చక్రాల కుర్చీ కూడా పోతుంది, అమ్మగారిని ఆ దారినే తీసుకెళ్ళండి. పాపని నీళ్ళలో మోకాలు లోతు దాటనివ్వకండి. అక్కడ నేల ఒక్కసారిగా దిగిపోతుంది, వెనక్కి లాగే ప్రవాహం బలంగా ఉంటుంది. అల చిన్నగా కనబడుతుంది కాబట్టే మోసపోతారు. బెసంట్ నగర్ బీచ్‌లో రోడ్డుకీ నీళ్ళకీ దూరం తక్కువ, కానీ నీళ్ళ స్వభావం అక్కడా అదే.

తంబూర_శ్రుతి
శుక్రవారం సాయంత్రం ఖాళీ అయింది కాబట్టి మైలాపూర్ పెట్టుకోండి. కపాలీశ్వర గుడి మధ్యాహ్నం మూసి నాలుగింటికి తీస్తారు. గుడి, మాడవీధులు, టిఫిన్, ఒక సాయంత్రం కచేరీ. సోమవారం మెరీనా బదులు మళ్ళీ మైలాపూర్‌కే తెల్లవారుజామున ఐదున్నరకి వెళ్తే మాడవీధుల్లో భజన గోష్ఠి తిరుగుతూ ఉంటుంది, ఇళ్ళ ముందు ముగ్గులు వేస్తుంటారు. ధనుర్మాసంలో గుళ్ళు ముందే తెరుస్తారు, వేడి పొంగలి ప్రసాదం పెడతారు. దీనికి పైసా ఖర్చు లేదు.

ఇడ్లీ_పొడి
టి.నగర్ షాపింగ్ ఎవరూ చెప్పలేదేం?

మాంబళం_మెతుకు
మాంబళం స్టేషన్ నుంచి టి.నగర్ బస్టాండుదాకా 2023లో నడక వంతెన వేశారు, కింద రంగనాథన్ వీధి తొక్కిసలాటలో దిగక్కర్లేదు. ఆదివారం సాయంత్రం మాత్రం ఆ వైపు పోకండి. మహాబలిపురం నుంచి వచ్చిన అలసటతో అసలే వద్దు.

ఎగ్మూర్_గడప
లెక్క వేశాను. గది 1,700 చొప్పున మూడు రాత్రులు 5,100. తిండి రోజుకి 1,250 చొప్పున మూడు రోజులు 3,750. ఊళ్ళో బస్సు, మెట్రో, రాత్రి ఒక క్యాబ్ కలిపి రోజుకి 350, అంటే 1,050. మహాబలిపురానికి అన్నీ కలిపి 800. మొత్తం 10,700. మిగిలిన 1,300లో వెనక వరస టికెట్లు, అనుకోని ఆటోలు. షాపింగ్ ఇందులో లేదు.

నెల్లూరు_నేరేడు
ఇదే ప్లాన్ సంక్రాంతికి పెట్టుకోవచ్చా?

లోకల్_ట్రైన్
పండగ ముందు చెన్నై నుంచి ఆంధ్రా వైపు రైళ్ళు నిండుతాయి, మీరు వచ్చే దిక్కున ఖాళీ ఉంటాయి. కనుమ తర్వాత తిరగబడుతుంది. అంటే వచ్చేవాళ్ళకి రానూపోనూ సీటు సులువే. కానీ భోగి పొద్దున పొగతో కళ్ళు మండుతాయి, కాణుం పొంగల్ (కనుమ మర్నాడు) రోజు మెరీనాలో కాలు పెట్టే చోటుండదు. రిజర్వేషన్ అరవై రోజుల ముందే తెరుస్తారు. నందనంలో జనవరి పుస్తక ప్రదర్శన కలిసొస్తే అదనపు లాభం, పుస్తకాల మీద పది శాతం తగ్గింపు ఉంటుంది.

బెజవాడ_బాటసారి
శనివారం మ్యూజియం, ఆదివారం తెల్లవారుజామున మహాబలిపురం ఖాయం. రెండు లాడ్జీలకి ఫోన్ చేశాను. ఒకటి 1,650, లిఫ్ట్ ఉంది, కానీ చెక్-అవుట్ పన్నెండింటికి. ఇంకోటి 1,800, 24 గంటలు, లిఫ్ట్ లేదు, రెండో అంతస్తు. ఏది?

ఎగ్మూర్_గడప
లిఫ్ట్ ఉన్నదే. మీ పినాకిని సోమవారం మధ్యాహ్నం రెండు దాటాక, ఎలాగూ పన్నెండున్నరకి గది వదలాలి. శుక్రవారం ముందుగా వస్తే గది ఇస్తారేమో అడిగి పెట్టుకోండి.

లోకల్_ట్రైన్
సోమవారం గది ఖాళీ చేశాక సామాను సెంట్రల్ క్లోక్ రూములో పెట్టొచ్చు. తాళం లేని బ్యాగు తీసుకోరు, ప్రయాణం టికెట్ చూపించాలి. జిప్ బ్యాగులకి చిన్న తాళాలు ఇంటి దగ్గరే వేసుకు రండి. అక్కడ కొనాలంటే రెట్టింపు.

బెజవాడ_బాటసారి
తాళాలు నాలుగు, శాలువా ఒకటి, పొడి డబ్బా ఒకటి రాసుకున్నాను. అమ్మ ఇప్పుడే అడుగుతోంది, శనివారం మధ్యాహ్నం ఎవరు పాడుతున్నారని.

తంబూర_శ్రుతి
సభల సైట్లలో రోజువారీ పట్టిక ఉంటుంది. అమ్మగారికి గాత్రం ఇష్టమా, వీణా వయోలిన్లా? చెప్పండి, శనివారం పన్నెండు నుంచి నాలుగు దాకా మైలాపూర్, ఆళ్వార్‌పేట సభల్లో ఉచితంగా ఉన్నవి వెతికి ఇక్కడే పెడతాను.